మొహం కడిగిన జనరల్

మీరు ఎవరికీ చెప్పనంటే ఒక సంగతి చెబుతాను. నేను ఒకే సినిమాను నాలుగుసార్లు కొన్నాను. టిక్కెట్టు కాదండీ, సినిమానే. ఒకసారి క్యాసెట్టు, ఒకసారి డీవీడీ, రెండుసార్లు బ్లూరే. దాని పేరు ‘ప్యాటన్’. 1970లో వచ్చిన అమెరికన్ యుద్ధ చిత్రం. మూడు గంటలకు ఓ పది నిమిషాలు తక్కువ. పాటల్లేవు, హీరోయిన్ లేదు, చివర్లో హీరో కుక్కను పట్టుకుని ఎటో నడుచుకుంటూ వెళ్లిపోతాడు. ఈ సినిమా మీద నేను తగలేసిన డబ్బుతో రెండు పేటల గొలుసు వచ్చేదని మా ఆవిడ లెక్క. ఆవిడ లెక్కలన్నీ బంగారంలోనే ఉంటాయి. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ నా నేరం తరగదు, పెరుగుతుంది.

అసలు ఈ పిచ్చి మా నాన్నగారి పుణ్యం. మా ఇంట్లో ప్యాటన్ అంటే మనిషి కాదు, ట్యాంకు. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ పొలాల్లో, పాకిస్తాన్ వాళ్ల ప్యాటన్ ట్యాంకులు బురదలో ఎలా కూరుకుపోయాయో, అబ్దుల్ హమీద్ జీపు మీద తుపాకీ బిగించుకుని వాటిని ఎలా పేల్చాడో మా నాన్నగారు పక్కనుండి గుండ్లు అందించినట్టే చెప్పేవారు. ఆయన అప్పట్లో బెజవాడలో ప్రైమరీ స్కూలు మాస్టారు. ఆ యుద్ధంలో ఆయన పోరాడింది రేషను క్యూలో.

ఆ ట్యాంకుకి ఒక జనరల్ పేరు పెట్టారని, ఆయన మీద సినిమా ఉందని నాకు తెలిసేసరికి బ్యాంకు ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. వీధి చివర వీడియో లైబ్రరీలో క్యాసెట్టు దొరికింది. దాన్ని ఎన్నిసార్లు అద్దెకు తెచ్చానంటే, చివరికి ఆ షాపాయన విసుగొచ్చి నాకే అమ్మేశాడు. నిజం చెప్పొద్దూ, మొదటిసారి చూసినప్పుడు సగం అర్థం కాలేదు. ఆ బొంగురు గొంతు ఇంగ్లీషు ఎవరికి అర్థమవుతుంది? కానీ మా బ్రాంచిలో ఆ సినిమా చూసినవాడు ఇంకెవడూ లేడు. అది చాలు. మనిషికి అర్థం కావడం వేరు, పక్కవాడికంటే ముందు అర్థమైనట్టు కనపడటం వేరు. రెండోదాంట్లో ఉన్న సుఖం మొదటిదాంట్లో ఎక్కడుంది?

అప్పటినుంచి ఎవరూ అడగకపోయినా చెప్పడం మొదలుపెట్టాను. ఆ వేషం వేసిన జార్జ్ సి. స్కాట్ ఆస్కార్ ఇస్తే వద్దు పొమ్మన్నాడని చెప్పేవాణ్ణి. నిజం ప్యాటన్ గొంతు అంత గంభీరం కాదు, సన్నగా కీచుగా ఉండేదని చెప్పేవాణ్ణి. సినిమా చాలావరకు స్పెయిన్‌లో తీశారు, స్పెయిన్ సైన్యం ట్యాంకులే వాడారు, వాటిలో జర్మన్ ట్యాంకులుగా నటించినవి కూడా ప్యాటన్ రకానివే, అంటే ప్యాటన్ తన మీద తానే కాల్పులు జరిపాడన్నమాట అని చెప్పి, నేనే నవ్వేవాణ్ణి. సినిమాలో ఒక విలేకరి ప్యాటన్ రివాల్వర్ పిడులు చూసి ముత్యాలవా అంటాడు. ఆయనకి చిర్రెత్తుకొస్తుంది. కాదు, ఏనుగు దంతం అని దిద్దుతాడు. ఆ సీను వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది. ఎదుటివాణ్ణి దిద్దడంలో అంత రాజసం ఉంటుందని నాకు నేర్పింది ఆ సినిమాయే. మా క్యాషియర్ పాపం ‘ప్యాంటన్’ అనేవాడు. నేను రోజూ దిద్దేవాణ్ణి.

డీవీడీలు వచ్చిన కొత్తలో, అమెరికాలో ఉన్న మా బావమరిదిని పచ్చళ్ల సాక్షిగా బతిమాలి ఒక డిస్కు తెప్పించాను. పెట్టాను. ఆడలేదు. తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క వచ్చి కూర్చుంది. అమెరికా డిస్కులది ఒకటో రీజియను, మనది ఐదో రీజియను, ఆ డిస్కు ఈ ప్లేయరులో ఆడదట. ఆవకాయకి లేని వీసా గొడవ సినిమాకి ఎందుకొచ్చిందో! చివరికి రిపేరు షాపు కుర్రాడు రిమోటు మీద ఏవో అంకెలు టకటకా నొక్కి, ముప్పై రూపాయలు తీసుకుని, ప్రపంచంలోని రీజియన్లన్నీ ఏకం చేసేశాడు. బొమ్మ వచ్చింది. పైనా కిందా నల్లపట్టీలతో, మధ్యలో సన్నటి రిబ్బనులా.

‘‘టీవీ సగమే వెలుగుతోంది’’ అంది మా ఆవిడ.

సినిమాను తీసిన వెడల్పు అదేనని, పట్టీలు లేకుండా టీవీ నిండా నింపితే రెండు పక్కలా కోసేసినట్టని, క్యాసెట్లో మనం ఇన్నాళ్లూ చూసింది సగం సైన్యాన్నేనని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ శ్రద్ధగా విని, ‘‘అయితే కరెంటు బిల్లు కూడా సగమేనా?’’ అంది.

ఇక 2008. బ్లూరేగా ‘ప్యాటన్’ వచ్చింది. మళ్లీ బావమరిది, మళ్లీ పచ్చళ్లు. ఈసారి నలభై అంగుళాల టీవీ, కొత్త ప్లేయరు కూడా కొన్నాను. ఫెస్టివల్ అడ్వాన్సు తీసుకున్నాను. ఏం ఫెస్టివల్ అని మేనేజరు అడిగితే వినాయక చవితి అన్నాను. పత్రి కొనడానికి అంత అడ్వాన్సా అన్నట్టు చూశాడాయన.

మొదటి సీను మీకు తెలుసో లేదో. తెరంతా నిండిన అమెరికా జెండా. దాని ముందు చీమంత మనిషి మెట్లెక్కి వస్తాడు. పతకాలు, రివాల్వర్లు, ఉంగరాలు, హెల్మెట్టు ఒక్కొక్కటే దగ్గరగా కనిపిస్తాయి. తర్వాత ఆరు నిమిషాలు ఆయనే మాట్లాడతాడు. ఆ బ్లూరేలో అది చూసి నాకు నోట మాట రాలేదు. ఎంత శుభ్రం! ఒక్క మచ్చ లేదు, ఒక్క చుక్క లేదు. జనరల్ గారి మొహం అప్పుడే పాలమీగడ రాసి, సున్నిపిండి పెట్టి రుద్దినట్టు నిగనిగలాడుతోంది. అరవై ఏళ్ల యుద్ధవీరుడి చెంపలు బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మ చెంపల్లా ఉన్నాయి. నేను దాన్నే నాణ్యత అనుకున్నాను.

మీరు నవ్వకండి. మీ పెళ్లి ఆల్బమ్ తీసి చూడండి. అందులో ఫొటోగ్రాఫరు మీ మొహాన్ని ఏం చేశాడో చూసి అప్పుడు నవ్వండి.

నాలుగేళ్లు. అక్షరాలా నాలుగేళ్లు ఆ డిస్కును ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించాను. ఎల్‌ఐసీ ఏజెంటుకు చూపించాను. గ్యాసు కుర్రాడికి ఆ ఆరు నిమిషాలూ పూర్తిగా చూపించాను, పాపం భుజం మీద సిలిండరుతోనే. ‘‘ఎక్కడైనా ఒక్క మచ్చ కనిపిస్తే చెప్పు’’ అని సవాలు చేసేవాణ్ణి. ఎవరికీ కనిపించేది కాదు. కనిపించకూడదనే కదా తుడిచేశారు!

ఆ సంగతి తర్వాత తెలిసింది. సినిమా ఫిల్ము అంటే వెండి లవణాల రేణువులు పూసిన పట్టీ. వెలుతురు పడి ఆ రేణువులే బొమ్మవుతాయి. పాత సినిమాల్లో సన్నటి ఇసుక కదులుతున్నట్టు కనిపిస్తుందే, సినిమావాళ్లు గ్రెయిన్స్ అంటారు, అది బొమ్మ మీద పడ్డ దుమ్ము కాదు, అదే బొమ్మ. చదును టీవీలు కొన్న మా బోటి మహానుభావులు అది చూసి డబ్బు దండగైందని గోల పెడతారని కాబోలు, డిస్కు వేసినవాళ్లు కంప్యూటరుతో దాన్ని గీకేశారు. ఉప్మా మెత్తగా లేదని అందులోంచి రవ్వంతా ఏరేసినట్టు. రవ్వతోపాటు మొహం మీది ముడతలు, చర్మం గరుకు, యూనిఫారం నేత, అన్నీ పోయాయి. మిగిలింది మైనం.

అందులోనూ పెద్ద విషాదం ఏమిటంటే, ఈ సినిమాకి ఆ స్నానం అక్కర్లేనే లేదు. మామూలు సినిమాలు 35 మిల్లీమీటర్ల నెగటివ్ మీద తీస్తే దీన్ని 65 మీద తీశారు. డైమెన్షన్ 150 అనే పద్ధతి. ఆ పద్ధతిలో వచ్చినవి రెండే రెండు సినిమాలు, ‘ది బైబిల్’, తర్వాత ఇది. నెగటివ్ అంత పెద్దదైతే రేణువులు అంతగా కంటికి ఆనవు. ఫ్రెడ్ కోనెక్యాంప్ అనే కెమెరామన్ అంత శ్రమపడి పట్టుకున్న ఎడారి, మంచు, చెమట, ఒక్క మీటతో తుడిచిపెట్టుకుపోయాయి. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’కి ప్రాణం పోసిన రాబర్ట్ హారిస్ లాంటివాళ్లు కూడా ఇదేం పని అని తిట్టారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జనరల్ గారికి జరిగిన అన్యాయం తలచుకుని కాదు. గ్యాసు కుర్రాడికి ఎక్కడైనా తెలిసిపోతుందేమోనని.

తెల్లారేసరికి మతం మార్చేశాను. మన జాతి గొప్పతనం ఇదే. నిన్నటిదాకా ఏ దేవుడికి పొర్లుదండాలు పెట్టామో, ఇవాళ ఆ గుడి ముందే నిలబడి విగ్రహారాధన తప్పని చెప్పగలం. ‘‘మచ్చ లేదు చూడు’’ అన్న నోటితోనే ‘‘మైనం, వట్టి మైనం’’ అనడం మొదలుపెట్టాను. గ్రెయిన్స్ లేని సినిమా, గింజల్లేని వంకాయ అన్నాను. దానికి అర్థమేమిటని నన్ను అడక్కండి.

2012లో కంపెనీవాళ్లకే బుద్ధొచ్చింది. నెగటివ్‌లో ఉన్నది ఉన్నట్టుగా కొత్త బ్లూరే వేశారు. పచ్చళ్లు బయల్దేరాయి. డిస్కు దిగింది. దాన్ని నేనొక్కణ్ణే చూసుకుని ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ ఒక్కణ్ణే చూస్తే మజా ఏముంది? మా తోడల్లుడిగారిని సకుటుంబంగా ఆదివారం భోజనానికి పిలిచాను. ఆయన అంతకు నెల ముందే నా టీవీ కంటే ఆరంగుళాలు పెద్దది కొన్నాడు. కారణం అర్థమైందనుకుంటాను.

గారెలు, పులిహోర, పాయసం అయ్యాయి. అందరినీ కొలిచి కూర్చోబెట్టాను. కిటికీలకు దుప్పట్లు కట్టాను. ముందు పాత డిస్కు పెట్టి, ‘‘అన్నయ్యగారూ, ఆ చెంప చూడండి, మైనం’’ అన్నాను. ఆయన తలూపాడు. ‘‘ఆగండి, ఇప్పుడు చూడండి’’ అని కొత్త డిస్కు పెట్టాను. జెండా వచ్చింది, జనరల్ వచ్చాడు, మొహం దగ్గరికొచ్చింది. నేను చూశాను. మైనం. గుండె ఆగినంత పనైంది. డిస్కు మారలేదేమోనని తీసి చూశాను, కొత్తదే. మళ్లీ పెట్టాను. మైనమే. పాతది పెట్టాను, కొత్తది పెట్టాను, పాతది, కొత్తది, పావుగంటలో జనరల్ గారు ఆరుసార్లు మెట్లెక్కారు, ఆరుసార్లూ అదే పాలమీగడ మొహం. గదిలో ఎవరూ కదలడం లేదు. మా వదినగారికి పాయసం మత్తు ఎక్కి తల వాలిపోతోంది. ‘‘తమ్ముడూ, రెండూ ఒకటేనా?’’ అన్నాడాయన. అప్పుడు నేను ‘‘అవునండీ, ఏదో తేడా కొట్టింది’’ అనొచ్చు కదా. అనలేదు. ‘‘ఒకటా! ఏమంటున్నారు! ఆ చెమట రంధ్రాలు చూడండి, ఆ ముడతలు చూడండి, ముక్కు పక్కన ఆ పుట్టుమచ్చ చూడండి, పాత డిస్కులో ఉందా ఆ పుట్టుమచ్చ!’’ అని నిలబడి, చేతులూపుతూ, ఒళ్లు మరిచి అరిచాను. మా తోడల్లుడి మనవడు, ఎనిమిదేళ్ల వెధవ, టీవీ దగ్గరికి నడిచి వెళ్లాడు. వేలు పెట్టి, ‘‘ఇదా తాతయ్యా?’’ అన్నాడు. ‘‘అదే!’’ అన్నాను. వాడు గోటితో గీకాడు. పుట్టుమచ్చ ఊడి వచ్చింది.

‘‘ఈగ రెట్ట’’ అన్నాడు.

మా తోడల్లుడు నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ‘‘పెద్ద టీవీలో అయితే తెలిసేదేమో తమ్ముడూ’’ అన్నాడు, ఎంతో జాలిగా.

మర్నాడు పొద్దున్నే టీవీ అమ్మిన షాపుకి ఫోన్ చేసి, సర్వీసు కుర్రాణ్ణి పిలిపించి, గుమ్మంలోనే దులిపేశాను. నాసిరకం సరుకు అంటగట్టారన్నాను, వినియోగదారుల ఫోరానికి వెళతానన్నాను, 65 మిల్లీమీటర్లన్నాను, వాడి వయసుకి నేను మూడు బ్రాంచిల్లో పనిచేశానన్నాను. ఆ అబ్బాయి అన్నీ విన్నాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, ‘‘రిమోట్ ఇస్తారా సార్’’ అన్నాడు. ఏదో మెనూ తెరిచాడు. పిక్చర్ మోడ్: వివిడ్. నాయిస్ రిడక్షన్: హై. షార్ప్‌నెస్: చివరిదాకా. ‘‘సార్, టీవీయే మొహాలు నున్నగా చేసేస్తోంది. మీరు ఏ డిస్క్ పెట్టినా ఇంతే. ఇవి ఎవరు పెట్టారు?’’

ఎవరు పెడతారు? టీవీ వచ్చిన రోజు, మాన్యువల్ చదివే పని లేకుండా, కనిపించిన ప్రతి మీటనూ పైకి నెట్టిన మహానుభావుడు ఒక్కడే ఆ ఇంట్లో. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకున్నాడు. కదలికలు జారుడుగా చేసే మీట కూడా నెట్టేశాడు. దాంతో సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేముల సినిమాలోకి టీవీయే సొంతంగా లేని ఫ్రేములు పుట్టించి ఇరికించేది. ఆ మీట కట్టేయండి మహాప్రభో అని 2018లో టామ్ క్రూజ్ అంతటివాడు వీడియో తీసి జనాన్ని వేడుకున్నాడు. నాకు 2012 దాకా సినిమాలోని సిసిలీ దండయాత్ర రాత్రి ఏడున్నర సీరియల్లా ఎందుకు కనిపిస్తోందో అనుమానమే రాలేదు. అత్తగారు కూడా ఎక్కడో ఉండే ఉంటుందనుకున్నాను.

ఆ అబ్బాయి ఒక్కొక్కటీ కట్టేశాడు. డిస్కు పెట్టాను. తేడా కనిపించింది. కళ్ల కింద సంచులు, నుదుటి మీద గీతలు, గుడ్డ మీద నేత. వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. నోరు తెరవలేదు. చూసింది, అంతే.

1943లో, ఇదే సిసిలీ దండయాత్రలో, ప్యాటన్ రెండు ఆసుపత్రుల్లో, బాంబుల దడకు నరాలు చెదిరిన ఇద్దరు సైనికుల్ని పిరికివాళ్లని చెంపదెబ్బ కొట్టాడు. క్షమాపణ చెప్పమని పైనుంచి ఐసెన్‌హోవర్ ఉత్తరం పంపాడు. సినిమాలో ఆ ఘట్టం నేను ఎన్నోసార్లు చూసి, ఐసెన్‌హోవర్‌కు వీరుల విలువ తెలియదని తీర్మానించినవాణ్ణి. ఆ రోజు మా ఇంటి ఐసెన్‌హోవర్ ఉత్తరం కూడా రాయలేదు. కాఫీ గ్లాసు నా చేతికిచ్చింది. నేను తాగడానికి కాదు, ఆ అబ్బాయికి ఇవ్వడానికి. ఇచ్చాను. ‘‘ఏమనుకోకు బాబూ’’ అన్నాను. ‘‘ఫర్లేదు సార్, అందరిళ్లలోనూ ఇదే’’ అన్నాడు. అందరిళ్లలోనూ అన్న ఆ ఒక్క మాటకి వాడికి వంద రూపాయలు ఇచ్చాను.

ఇంతటితో అయిపోలేదు. సెట్టింగులు సరిచేసినా, ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మ మీద ఏదో సన్నటి పొర మిగిలే ఉన్నట్టు తోచేది. ట్యునీషియా ఎడారి గోధుమరంగులో ఉందంటే సరే, ఆకాశం కూడా గోధుమరంగులోనే ఉండేది. ప్యానెల్ పాతబడిందని టీవీ మార్చాను. కొత్త టీవీలోనూ అంతే. డిస్కు పాడైందేమోనని మెత్తటి గుడ్డతో తుడిచాను. కేబులు మార్చాను. ఆకాశం మారలేదు. నిరుడు కారుకు రివర్సు గేరు వేసి గేటును గుద్దాక, మా అమ్మాయి బలవంతాన కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలు, ఎడమది బాగా ముదిరింది అందావిడ. ‘‘మసక ఎప్పటినుంచి?’’ అని అడిగింది.

‘‘టీవీ మార్చినప్పటినుంచి’’ అన్నాను.

చూశారా? లోకం మీది నాయిస్ రిడక్షన్ అంతా కట్టేయించినవాణ్ణి, అసలుది నా కంట్లోనే పెట్టుకు తిరిగాను. ఆ కళ్లతోనే పక్కింటాయన డిస్కుల మీద తీర్పులు చెప్పాను. ఫలానా డిస్కులో నలుపు నలుపులా లేదన్నాను. మా మేనకోడలి పెళ్లి వీడియో తీసినవాణ్ణి ఫోకస్ లేదని కడిగేశాను. వాడి ఫోకస్ లక్షణంగా ఉందని ఇప్పుడు తెలిసింది. వాడికి కూడా ఒక కాఫీ బాకీ.

రెండు ఆపరేషన్లూ అయ్యాయి. పచ్చ గుడ్డలు, నల్ల కళ్లద్దాలు, చుక్కల మందుల గోల ముగిశాక ఒక మధ్యాహ్నం ‘ప్యాటన్’ పెట్టాను. జెండాలో ఎరుపు ఎరుపులా ఉంది, నీలం నీలంలా ఉంది. స్కాట్ మొహం మీద ప్రతి గీతా, ఆ వంకర ముక్కూ, పెదవి మీద తడీ కనిపించాయి. తెర మీదకు వంగి చూస్తే ఆకాశంలో సన్నగా, ప్రాణమున్నట్టు, రవ్వ కదులుతోంది. నలభై ఏళ్లలో ఈ సినిమాను నేను చూసింది అదే మొదటిసారి. సరిగ్గా ఆరు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను.

‘‘ఏమేవ్, రా, గ్రెయిన్స్ కనిపిస్తున్నాయి!’’ అని అరిచాను.

మా ఆవిడ వచ్చింది, తెర వైపు చూడలేదు. ‘‘అంత సన్నవి కనిపిస్తున్నాయా? అయితే ఆ ఫ్యాను రెక్కల మీద కూడా కనిపించాలే’’ అని స్టూలు తెచ్చి వేసింది. జనరల్ గారిని జెండా ముందు నిలబెట్టి, నేను స్టూలెక్కాను. అది దుమ్ము కాదు గ్రెయిన్స్ అని వాదించే వయసు దాటిపోయింది.

నిన్న మా తోడల్లుడు ఫోన్ చేశాడు. ఈసారి డెబ్బై అయిదు అంగుళాలట. గోడంతా టీవీయేనట. ‘‘బొమ్మ అద్దంలా ఉంది తమ్ముడూ, ఒక్క మచ్చ లేదు. మొహాలు ఎంత నున్నగా ఉన్నాయో! వచ్చి చూడు’’ అన్నాడు. తప్పకుండా వస్తానన్నాను. ఆదివారం భోజనానికి. కొత్త డిస్కు సంచిలో పెట్టేశాను. ఆయన భోంచేశాక అరగంట కునుకు తీస్తాడు. రిమోటు సోఫా చేతి మీదే పెడతాడు.